కిటికీలో కూర్చున్న కుర్రాడు

త్రోయలో ఆ రాత్రి జరిగిన సంగతిని లూకా పక్కనే కూర్చుని చూసినవాడిలా రాశాడు. మేడగది, మూడో అంతస్తు, బోలెడన్ని దీపాలు. తెల్లారితే ప్రయాణం ఉంది గనుక పౌలు అర్ధరాత్రి దాకా మాట్లాడుతూనే ఉన్నాడు. ఐతుకు అనే యౌవనస్థుడు కిటికీలో కూర్చుని వింటూ వింటూ నిద్రలోకి జారి కిందపడ్డాడు. ఎత్తి చూస్తే ప్రాణం లేదు. అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయంలోని ఈ భాగాన్ని మన సంఘాల్లో ఎక్కువగా ఒకే పనికి వాడుతున్నాం. ప్రసంగం మధ్యలో కునుకు తీసే పిల్లల్ని భయపెట్టడానికి.

లూకా మాత్రం ఆ కుర్రాణ్ణి ఒక్క మాట అనలేదు. ఆరోజు వారంలో మొదటి దినం. అప్పటికి ఆదివారం సెలవు కాదు. రోమా సామ్రాజ్యంలో ఆదివారాన్ని విశ్రాంతి దినంగా కాన్‌స్టాంటైన్ ప్రకటించింది 321లో. అంటే ఆ గదిలో కూర్చున్నవాళ్లలో చాలామంది పగలంతా ఎక్కడో పనిచేసి వచ్చి ఉంటారు. దీపాల వేడికి, జనం రద్దీకి కాస్త గాలి తగిలే చోటు చూసుకుని కూర్చున్నాడేమో ఆ అబ్బాయి. వెళ్లిపోదామనుకున్నవాడైతే మెట్లు దిగి వెళ్లిపోయేవాడు. వినాలనే ఉన్నాడు, ఒళ్లు సహకరించలేదు.

పౌలు చేసిన పని చూడండి. మాట ఆపాడు. మూడంతస్తులు దిగాడు. ఆ కుర్రాడి మీద పడి కౌగిలించుకున్నాడు. ప్రాణం ఉందని చుట్టూ ఉన్నవాళ్లకు ధైర్యం చెప్పాడు. మళ్లీ పైకి వెళ్లి, రొట్టె విరిచి, అందరితో కలిసి తిని, తెల్లవారే దాకా మాట్లాడాడు. ప్రసంగం అంతకంటే ముఖ్యమైన పని కోసం ఆగింది, ఆ తర్వాత కొనసాగింది కూడా. మీరు యూత్ లీడర్‌గా ఈ పుస్తకం చేతిలోకి తీసుకున్నారు గనుక చెబుతున్నాను: మాట ఆపి మెట్లు దిగడం ఎలాగన్నదే ఈ అధ్యాయం.

మీ కూటంలో కిటికీలో కూర్చున్నది ఎవరో ముందు గుర్తుపట్టండి. వెనక వరసలో, చెప్పులు విడిచిన గుమ్మానికి దగ్గరగా కూర్చునే అబ్బాయి కావచ్చు. పాటలప్పుడు చప్పట్లు కొడుతూనే సాక్ష్యాల సమయం రాగానే తల దించుకునే అమ్మాయి కావచ్చు. చాలాసార్లు పాస్టరు గారి పిల్లలే అక్కడ ఉంటారు, అందరూ తమనే చూస్తున్నారని తెలుసు గనుక వాళ్లు నోరు విప్పరు. కూటానికి రావడం మానేసినవాళ్ల గురించి మనం కమిటీలో గంటల తరబడి మాట్లాడుకుంటాం. వస్తూనే లోపల్లోపల దూరమవుతున్నవాళ్లు మన లెక్కలోకి రారు. హాజరు పట్టీలో వాళ్ల పేరు పక్కన టిక్కు ఉంటుంది మరి.

వాళ్లు దూరమవడానికి కారణం ప్రపంచం, సెల్‌ఫోన్, సినిమాలు అని మనం తేల్చేస్తాం. నేను ఎరిగినంతలో అసలు కారణం చాలాసార్లు ఒక ప్రశ్న. ఎప్పుడో ఒకసారి ధైర్యం చేసి అడిగితే, "అలాంటివి అడగకూడదమ్మా, ప్రార్థన చెయ్యి" అన్నారు. ఇక మళ్లీ అడగలేదు. ప్రశ్న మాత్రం పోలేదు.

ప్రశ్న అవిశ్వాసానికి గుర్తు అనే భయం మన సంఘాల్లో బలంగా ఉంది. సువార్తల్లో అలా లేదు. పన్నెండేళ్ల యేసు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని వింటూ, ప్రశ్నలు అడుగుతూ కనబడ్డాడని లూకా రెండో అధ్యాయం చెబుతుంది. హేరోదు చెరసాలలో ఉన్న బాప్తిస్మమిచ్చు యోహాను, రాబోయేవాడు నువ్వేనా, ఇంకొకరి కోసం చూడాలా అని తన శిష్యుల్ని పంపి యేసునే అడిగించాడు. యొర్దాను ఒడ్డున జనం ముందు ఆయన్ను చూపించినవాడే అడుగుతున్నాడు. యేసు గద్దించలేదు. మీరు చూస్తున్నవీ వింటున్నవీ వెళ్లి చెప్పండన్నాడు. వాళ్లు వెళ్లాక జనంతో యోహానును మెచ్చుకుంటూ మాట్లాడాడు. ఈ క్రమాన్ని మత్తయి 11లో చదివి, మీ కూటంలో ఎవరైనా ఇలాంటి ప్రశ్న అడిగితే ఆ మనిషి లేనప్పుడు మీరు అతని గురించి ఏం మాట్లాడతారో ఒక్కసారి ఆలోచించండి. మత్తయి 28లోనైతే, పునరుత్థానుడైన ప్రభువుకు మొక్కుతున్నవాళ్లలోనే కొందరు సందేహించారని రాసి ఉంది. వాళ్లను పక్కకు తప్పించి మిగిలినవాళ్లకే మహా ఆజ్ఞ ఇచ్చినట్టు ఎక్కడా లేదు.

ఇక అసలు పనికి వద్దాం. ఒక ప్రశ్న తీసుకుందాం. తెలుగు సంఘాల్లో ప్రతి యూత్ లీడరూ ఎప్పుడో ఒకప్పుడు ఎదుర్కొనేది: "కాలేజీలో ఫ్రెండ్ ప్రసాదం ఇచ్చింది. తినొచ్చా?"

దీనికి రెండు పొట్టి జవాబులున్నాయి, రెండూ వాడుకలో ఉన్నాయి. ఒకటి, ముట్టుకోకూడదు. రెండు, ఏం ఫర్వాలేదు, విగ్రహం ఒట్టిదే. చెరో వచనం చూపించి కూటం ముగించవచ్చు. పౌలు మాత్రం దీనికోసం కొరింథీ సంఘానికి దాదాపు మూడు అధ్యాయాలు రాశాడు. మొదటి కొరింథీయులకు 8 నుంచి 10 దాకా పిల్లలతో కూర్చుని నెమ్మదిగా చదవండి. విగ్రహం ఒట్టిదని ఎరిగినవాళ్లతో ముందు ఏకీభవిస్తాడు. ఆ వెంటనే, నీ తెలివి వల్ల బలహీనమైన మనస్సాక్షి గల సహోదరుడు పడిపోతే అప్పుడేం చేస్తావని అడుగుతాడు. ఇంకో చోట విగ్రహారాధన నుంచి పారిపొమ్మని గట్టిగా చెబుతాడు, ప్రభువు బల్లలోనూ మరో బల్లలోనూ ఒకేసారి పాలు పొందలేమంటాడు. మళ్లీ అదే కలంతో, బజారులో అమ్మే మాంసం గురించి ఆరా తీయకుండా తినమంటాడు. విశ్వాసి కానివాడు భోజనానికి పిలిస్తే, వెళ్లాలనిపిస్తే వెళ్లి, పెట్టింది తినమంటాడు. ఇది బలి అర్పించింది అని ఎవరైనా చెబితే మాత్రం, చెప్పిన ఆ మనిషి నిమిత్తం తినొద్దంటాడు.

పిల్లలు మొదట తికమకపడతారు. పడనివ్వండి. ఇంతకీ తినమన్నాడా, వద్దన్నాడా అని అడుగుతారు. అప్పుడు మీరు అడగాల్సినవి వేరే ఉన్నాయి. నువ్వు పూజలో కూర్చున్నావా, క్లాసులో బెంచీ మీద కూర్చున్నావా? ఆ అమ్మాయి నీకు ఎందుకు ఇచ్చింది, స్నేహంతోనా, నిన్ను పరీక్షించడానికా? పక్కన ఎవరున్నారు? మొన్ననే బాప్తిస్మం తీసుకున్న స్నేహితుడు నిన్ను చూస్తున్నాడా? నువ్వు వద్దన్నా ఆ అమ్మాయి మనసు నొప్పించకుండా వద్దనడం నీకు చేతనవుతుందా? ఈ ప్రశ్నల మీద అరగంట నడిస్తే, వేదాంతం అంటే ఏమిటో ఆ పిల్లలకు జీవితంలో మొదటిసారి అర్థమవుతుంది. దేవుడు ఒక్కడే అన్న సత్యాన్నీ, పొరుగువాణ్ణి ప్రేమించమన్న ఆజ్ఞనూ ఒకే అరచేతిలో పట్టుకుని, సోమవారం మధ్యాహ్నం లంచ్ బ్రేక్‌లో ఒక నిర్ణయం తీసుకోవడం. ఇద్దరు పిల్లలు రెండు రకాలుగా నిర్ణయించుకోవచ్చు. రోమీయులకు 14వ అధ్యాయం ఆ తేడాను సహించడం నేర్పుతుంది, తినేవాడు తిననివాణ్ణి చులకన చేయకుండా, తిననివాడు తినేవాడికి తీర్పు తీర్చకుండా. నా మట్టుకు నేను దీన్ని సంఘ జీవితంలో అన్నిటికంటే కష్టమైన పాఠంగా చూస్తాను. అందుకే యవ్వనంలోనే మొదలుపెట్టాలి.

కొన్ని ప్రశ్నలకు బైబిలు ఒక్కటే తెలిస్తే చాలదు. పదో తరగతి అయిన పిల్లవాడు కాలేజీ దరఖాస్తు పట్టుకుని వచ్చి, "అన్నా, కులం దగ్గర ఏం రాయాలి?" అని మెల్లగా అడుగుతాడు. ఈ ప్రశ్న మన సంఘ చరిత్ర లోపలి నుంచి వస్తుంది. 1878 జులై 3న ఒంగోలు మిషన్‌లో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని మనం గర్వంగా చెప్పుకుంటాం. వాళ్లలో అత్యధికులు మాదిగలు. ఆ తరానికి సువార్త మోసుకెళ్లిన యర్రగుంట్ల పేరయ్య కూడా మాదిగే. అవమానం నుంచి లేచి నిలబడిన జనం వాళ్లు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను మతంతో ముడిపెట్టింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ హోదా వర్తింపజేశారు గానీ క్రైస్తవ దళితులకు ఇవ్వలేదు. మన రెండు రాష్ట్రాల్లో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలనూ వారి సంతానాన్నీ బీసీ-సిగా లెక్కిస్తారు. చదువు, ఉద్యోగం, ఇంట్లో అమ్మానాన్నల ఒత్తిడి, ఆదివారం తాను పాడే పాట, ఇవన్నీ ఆ ఒక్క గడి దగ్గర కలుసుకుంటాయి. ఆ పిల్లవాడికి అందరి ముందూ నీతి చెప్పకండి. పక్కకు తీసుకెళ్లి, చట్టం ఏం చెబుతుందో దాచకుండా చెప్పండి. తప్పుడు పత్రం వల్ల తర్వాత వచ్చే చిక్కులు చెప్పండి. తల్లిదండ్రులతోనూ కూర్చుని మాట్లాడండి. ఈ అన్యాయం గురించి దేవుడి దగ్గర గట్టిగా మొర పెట్టుకోవచ్చని కూడా చెప్పండి. మా వాళ్లు ఎందుకు ఈ ఎంపిక చేసుకోవాల్సి వస్తోంది అన్న కోపం పాపం కాదు.

మొర అన్నాను గనుక, సాక్ష్యాల గురించి. మన కూటాల్లో సాక్ష్యం అంటే గెలుపు కథ. ర్యాంకు వచ్చింది, వీసా వచ్చింది, జ్వరం తగ్గింది. దేవునికి కృతజ్ఞత చెప్పడం మంచిదే. అయితే ఆ వరసలోనే నాన్న క్యాన్సర్‌తో చనిపోయిన అమ్మాయి కూర్చుని ఉంటుంది. మేము కూడా అలాగే ఉపవాసం ఉన్నాం కదా అని ఆ అమ్మాయి మనసులో అనుకుంటుంది. చప్పట్లు మోగుతుంటాయి.

కీర్తనల గ్రంథంలోని 150 కీర్తనల్లో మూడో వంతుకు పైగా విలాపాలే. అవి ఏడ్చేవాళ్లకు దేవుడే ఇచ్చిన మాటలు. 13వ కీర్తన చిన్నది, ఆరే వచనాలు. అందులో దావీదు ఎంతకాలం అని నాలుగుసార్లు అడుగుతాడు. 73వ కీర్తనలో ఆసాపు, చెడ్డవాళ్లు సుఖంగా ఉన్నారు, నేను పవిత్రంగా ఉండి ఏం లాభం అని వాదన పెట్టుకుంటాడు. 88వ కీర్తనైతే చీకటి దగ్గరే ఆగిపోతుంది, చివర్లో స్తుతికి కూడా తిరగదు. అది ఆరాధన గ్రంథంలో ఉంది, దేవాలయంలో పాడారు. నెలకు ఒక కూటం దీనికి కేటాయించండి. 13వ కీర్తన చదవండి, కాగితాలు పంచండి, ప్రతి ఒక్కరూ తమ "ఎంతకాలం" ప్రశ్నను రాసుకోవాలి. పేరు రాయనక్కర్లేదు, చదవనక్కర్లేదు. చదువుతానన్నవాళ్లు చదవవచ్చు. ఒక్క నియమం పెట్టండి: చదివినదానికి ఎవరూ పరిష్కారం చెప్పకూడదు, వచనం కూడా చెప్పకూడదు. యోబు స్నేహితులు ఏడు రోజులు నేల మీద అతని పక్కన మౌనంగా కూర్చున్నంత కాలం స్నేహితులే. నోరు తెరిచి కారణాలు చెప్పడం మొదలుపెట్టాకే అతనికి బాధ రెట్టింపైంది. గ్రంథం చివర దేవుడు కోప్పడింది వాళ్ల మీద.

ఇంటర్ ఫలితాలు వచ్చే రోజుల్లో దీన్ని మరింత జాగ్రత్తగా చేయండి. ఫెయిలైనవాళ్ల ఇంటికి ఆ రోజు సాయంత్రమే వెళ్లండి, ప్రసంగం చేయకండి. చనిపోవాలని ఉందన్న మాట ఎవరి నోటైనా వస్తే దాన్ని బెదిరింపుగానో విశ్వాస లోపంగానో తీసుకోకండి. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి, ఇంట్లోవాళ్లకు చెప్పండి, డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. టెలి మానస్ నంబరు 14416, ఏ వేళ చేసినా తెలుగులో మాట్లాడే కౌన్సెలర్లు ఉంటారు. ఈ నంబరు మీ చర్చి గోడ మీద వాక్యపు బోర్డు పక్కనే ఉండాలి. డిప్రెషన్‌కు మందులు వాడటాన్ని విశ్వాసం తక్కువ అన్నట్టు వేదిక మీద నుంచి ఎవరూ మాట్లాడకుండా చూడటం మీ బాధ్యత.

పిల్లల పక్కన ఉండటం అంటే ఏమిటో చూపే సంగతి ఒకటుంది. జర్మనీలో 1931 చివర్లో దీట్రిక్ బోన్‌హోఫర్ అనే పాతికేళ్ల బోధకుడికి బెర్లిన్‌లోని కార్మికుల పేటలో అబ్బాయిల కన్ఫర్మేషన్ తరగతి అప్పగించారు. బాగా అల్లరి గుంపు. మొదటి రోజు గోల గోల చేశారు. అతను కేకలు వేయలేదు. కాసేపు ఊరుకుని, దగ్గరున్నవాళ్లకే వినబడేంత నెమ్మదిగా, న్యూయార్క్ హార్లెంలో తాను చూసిన సంగతులు చెప్పడం మొదలుపెట్టాడు. వినాలని మిగిలినవాళ్లూ సద్దుమణిగారు. ఇక్కడిదాకా మంచి టీచరు కథ. నాకు విలువైనదనిపించేది ఆ తర్వాత సంగతి. ప్రొఫెసరు గారి కుటుంబంలో పుట్టి, సుఖమైన పేటలో పెరిగినవాడు, ఆ పిల్లలుండే చోటుకే వెళ్లి గది అద్దెకు తీసుకున్నాడు. సాయంత్రాలు వాళ్లు వచ్చి చదరంగం ఆడేవాళ్లు. కన్ఫర్మేషన్ నాటికి కోటు కుట్టించుకునే స్తోమత లేనివాళ్లకు గుడ్డ కొనిపెట్టాడు. తర్వాత నాజీలను ఎదిరించి 1945 ఏప్రిల్ 9న ఉరికంబం ఎక్కిన వేదాంతిగా ప్రపంచానికి తెలిశాడు. సంఘంలో ఒకరికొకరు చేయాల్సిన మొదటి సేవ వినడమని ఆయన తర్వాత రాసిన దాని వెనక ఆ అద్దె గది కూడా ఉందని నేను నమ్ముతాను.

మన నేల మీదా ఆ పాఠం ఉంది. దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య పరిచర్య మొదలైంది యువకుల మధ్యనే, వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా. 1910లో ఎడింబరోలో మిషనరీల మహాసభలో నిలబడి, మీరు మాకు చాలా త్యాగాలు చేశారు గానీ మాకు స్నేహితులు కావాలి అన్న భావాన్ని నిర్మొహమాటంగా చెప్పాడు. సేవ చేసేవాడికీ సేవ పొందేవాడికీ మధ్య ఉండే ఎత్తును ఆయన ఎరుగును. ఆ ఎత్తు ఈరోజు యూత్ లీడరుకూ యూత్‌కూ మధ్య కూడా ఉంటోంది. మైకు ఎప్పుడూ ఒకరి చేతిలోనే ఉంటే అది పెరుగుతుంది.

కాబట్టి కూటం గంటన్నర అయితే ప్రసంగం ఇరవై నిమిషాలు దాటనివ్వకండి. పాటలూ ప్రార్థనా పోను మిగిలిన సమయం ఆరేడుగురు చొప్పున చిన్న గుంపులుగా మాట్లాడుకోవడానికి. ఒక పెట్టె పెట్టండి, పేరు లేకుండా ప్రశ్న రాసి వేయమనండి. వచ్చిన ప్రశ్నలకు అదే రోజు జవాబు చెప్పే అలవాటు మానుకోండి. ఒక ప్రశ్న ఎంచుకుని, వారం రోజులు అందరూ దానితో ఉండమనండి, వచ్చే వారం తాము చదివిందీ గమనించిందీ తెమ్మనండి. మీరూ చదివి రండి. తెలియనప్పుడు తెలియదనండి, పాస్టరు గారినీ డాక్టరునూ లాయరునూ కూటానికి పిలిపించండి. కూటం అయ్యాక టీ, బిస్కెట్లు తప్పకుండా ఉండాలి. త్రోయలో కూడా భోజనం ఉంది. హైదరాబాదు హెబ్రోను సంఘంలో ఆరాధన తర్వాత అందరూ బంతిన కూర్చుని తినే ప్రేమవిందు గురించి మీరు వినే ఉంటారు, కులాల మధ్య గోడలు పడగొట్టడంలో ఆ బంతి భోజనాల పాత్ర పెద్దది. మనసులో మాట చాలావరకు చేతిలో కప్పు ఉన్నప్పుడే బయటికి వస్తుంది.

స్నేహానికి కంచె కూడా ఉండాలి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలతో మూసిన గదిలో ఒంటరిగా కూర్చోవద్దు, నలుగురికీ కనబడే చోట మాట్లాడండి. రాత్రివేళ విడిగా మెసేజీలు వద్దు. అమ్మాయిలకు అక్కలే లీడర్లుగా ఉండాలి. పిల్లల మీద లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే సంఘ పెద్దలతో గుట్టుగా పరిష్కరించుకునే విషయం కాదది. 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి, తెలిసీ చెప్పకపోవడం నేరం. పిల్లల హెల్ప్‌లైను 1098. సంఘం పరువు కోసం పిల్లను బలి చేయడాన్ని యేసు తిరగటి రాయి మాటతో ఎంత కఠినంగా హెచ్చరించాడో మీకు తెలుసు.

చివరిగా, మన ఊళ్ల యూత్ మినిస్ట్రీలో ఎవరూ పట్టించుకోని ఖాళీ ఒకటుంది. పదో తరగతి అవగానే పిల్లలు విజయవాడకో హైదరాబాదుకో ఇంటర్ హాస్టల్‌కి వెళ్లిపోతారు. పొద్దున్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు, చాలా చోట్ల చేతిలో ఫోను ఉండదు, ఆదివారం కూడా పరీక్షే. ప్రశ్నలు మొదలయ్యే వయసులోనే సంఘం వాళ్లకు అందకుండా పోతుంది. ఆరేడేళ్లకు ఇంజినీరింగ్ పూర్తి చేసి బెంగళూరులోనో డాలస్‌లోనో తేలినప్పుడు, ఎందుకు చర్చికి వెళ్లట్లేదని ఫోన్లో అడుగుతాం.

ఈ ఏడాది ఏప్రిల్‌లోనే ఒక నోటుపుస్తకం పెట్టండి. ఎవరు ఏ ఊరు, ఏ కాలేజీ, హాస్టల్లో కలవనిచ్చే రోజు ఏది, అన్నీ రాసుకోండి. ఆ రోజు అమ్మానాన్నలు వెళ్తారు కదా, వాళ్లతో పాటు మీరో మీ గుంపులో ఒకరో వెళ్లండి, కుదరకపోతే వాళ్ల చేతికి ఉత్తరం ఇచ్చి పంపండి. డిగ్రీ, ఇంజినీరింగ్‌కి వెళ్లేవాళ్లకు ఆ కాలేజీలో ఇ.యు. అనే క్రైస్తవ విద్యార్థుల కూటం ఉందేమో ముందే కనుక్కోండి. 1954లో మొదలైన యు.ఇ.ఎస్.ఐ.కి చెందిన ఈ విద్యార్థుల గుంపులు మన జిల్లాల్లో చాలా క్యాంపస్‌లలో ఉన్నాయి. వేరే రాష్ట్రానికో దేశానికో వెళ్తుంటే అక్కడి తెలుగు సంఘం పాస్టరుతో మీరే మాట్లాడి పేరూ నంబరూ ఇవ్వండి. ఉత్తరంలో ఏం రాయాలో తోచకపోతే, ఈ వారం పెట్టెలోంచి ఏ ప్రశ్న తీశారో రాయండి, దాని గురించి గుంపులో ఎవరెవరు ఏమనుకున్నారో రాయండి, నువ్వేమంటావని అడగండి. జవాబు రాసుకోవడానికి వీలుగా ఒక తెల్లకాగితం, మీ అడ్రసు రాసిన కవరు కూడా పెట్టి పంపండి.